తెలిసిన పాట లోపలికి రాదు

ఒక పెద్ద అడవిలో, కడుపునిండా తిండీ కంటినిండా నిద్రా తప్ప ఇంకే కోరికా లేని ఒక ముళ్ళపంది ఉండేది. పేరు కంటకమ్మ. రాత్రంతా దుంపలు తవ్వుకుని తినేది, తెల్లారగానే బొరియలో దూరి పడుకునేది.

ఆ నిద్ర ఊరికే వచ్చేది కాదు. బొరియ గుమ్మం పక్కన ఒక రాయి ఉంది. ఆ రాయి కింద కిన్నెరయ్య అనే కీచురాయి కాపురం. వాడు రోజూ పొద్దున్నే "కీ..." అని అందుకునేవాడు. ఆ పాటకి ఎత్తూ పల్లమూ లేదు, మలుపూ మెలికా లేదు. ఎక్కడ మొదలైందో అక్కడే ఉండేది. అది చెవిన పడగానే కంటకమ్మకి రెప్పలు వాలిపోయేవి. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. అందుకే ఎక్కువ రోజులు సాగలేదు.

ఆ అడవిలో ఏటా వేసవిలో రెండు రోజుల పాటు అజ్ఞాత సంగీతోత్సవం జరుగుతుంది. దానికి కార్యదర్శి నక్క జంబుకేశ్వర్. పేరున్న కోయిలలకి అక్కడ చోటు లేదు. ఎంత తక్కువమందికి తెలిస్తే ఆ గాయకుడు అంత గొప్పవాడు. ద్వారం మీద పెద్ద బోర్డు కూడా ఉంటుంది: 'తెలిసిన పాటలు లోపలికి తేరాదు.' పోయినేడు ఒక తాబేలు పాడితే అందరూ తెగ మెచ్చుకున్నారు. అందరూ మెచ్చుకున్నారు కాబట్టి ఆ తర్వాత తాబేలుని పలకరించినవాడు లేడు.

ఈ ఏడు కిన్నెరయ్యకి పిలుపొచ్చింది.

"సాధన చేసుకోవాలక్కా, ముందే వెళ్తున్నా" అని వాడు మీసాలు దువ్వుకుని బయల్దేరాడు.

అప్పట్నుంచి కంటకమ్మకి కంటిమీద కునుకు లేదు. వడ్రంగిపిట్టని బతిమాలి గుమ్మం దగ్గర టకటకలాడించుకుంటే తలనొప్పి మిగిలింది. దుంప అనుకుని ఒక రాయిని తవ్వి, సగం కొరికాక గానీ తెలుసుకోలేదు. ఇలాగైతే లాభం లేదని, వెళ్ళి ఆ పాటేదో అక్కడే విని, వాడిని వెంటబెట్టుకుని వచ్చేద్దామని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సంగీతోత్సవానికి బయల్దేరింది.

ద్వారం దగ్గర ముంగిస ఆపింది. ముంజేతికి గడ్డిపోచ కట్టి, సంచి తెరిపించింది.

"బయటి తిండి లోపలికి రాదండీ."

"నాలుగు చిలగడదుంపలే కదా బాబూ!"

"రూల్ అంటే రూలండీ."

దుంపలు అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి లోపల ఒక కొట్టులో అవే దుంపలు, ఒక్కోటి పల్చటి బిళ్ళలుగా కోసి, 'మట్టి జ్ఞాపకాలు' అనే పేరుతో ఆకుల్లో పెట్టి ఇస్తున్నారు. వాటి కోసం జింకలు బారులు తీరి నిలబడ్డాయి. కంటకమ్మకి ఒళ్ళు మండింది గానీ, మండే ఓపిక కూడా నిద్రలేమి వల్ల ఎక్కువసేపు నిలవలేదు.

మైదానం నిండా ఇసుక వేస్తే రాలనంత జనం. కుందేళ్ళు ఒకదాని మీద ఒకటి, ఉడుములు వాటి మధ్య. ఆ తొక్కిసలాటలో కంటకమ్మ ఎక్కడికి వెళ్తే అక్కడ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. ముళ్ళని చూసి ఎవరికి వాళ్ళు వెనక్కి జరిగారు. ఆవిడ మాత్రం, ఈ కాలం పిల్లలు మర్యాదస్తులేనని మనసులో మెచ్చుకుంది.

ఆ ఖాళీ అంచున పునుగుపిల్లి పరిమళ నిలబడి ఉంది. తొలి ఉత్సవం నుంచీ ఒక్కటి కూడా వదలకుండా వస్తున్న రసికురాలు. ఏ గాయకుడి పేరు చెప్పినా "ఆయన పాతవే బాగుంటాయి" అనడం ఆమెకి అలవాటు.

"ఎవర్ని వినడానికొచ్చారు ఆంటీ?"

"మా కిన్నెరయ్యనమ్మా."

పరిమళ మొహం మాడిపోయింది. తనకి తెలియని పేరు! "ఓ, ఆయనా? ఆయన పాతవే బాగుంటాయి."

"పాతవీ కొత్తవీ ఏముంది తల్లీ, వాడికున్నదే ఒక్క పాట."

"ఒక్కటే పాటా!" పరిమళ ఊపిరి బిగబట్టింది. "ఎన్నాళ్ళుగా వింటున్నారు మేడమ్?"

ఆంటీ అప్పుడే మేడమ్ అయిపోయింది.

"వాడు గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచీ. రాయి కింద పాడుకుంటాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే."

వినేది ఒక్కరే! ఆ మాట చెవులు కొరుక్కుంటూ మైదానమంతా పాకింది. పెద్దబండ మీద కూర్చున్న జంబుకేశ్వర్ దాకా చేరింది. అతను తల ఎత్తి చూస్తే, అంత జనంలో నడుమ గుండ్రటి ఖాళీ, ఆ ఖాళీలో ఒక ముళ్ళపంది.

"ఎవరయ్యా ఆవిడ? చిరుతపులికి కూడా అంత చోటు ఇవ్వలేదే!"

"పక్క అడవి నుంచి వచ్చిన పెద్ద విమర్శకురాలట సార్" అంది పక్కనున్న కోతి. అలా అని దానికి ఎవరూ చెప్పలేదు. అడిగినదానికి తెలియదనడం కోతికి చేతకాదు.

"ఆ కిన్నెరయ్యకి ఏ వేదిక ఇచ్చాం?"

"మరుగుపొదల పక్కనున్న చిన్న రాయి సార్."

"పెద్దబండ మీదికి మార్చు. రేపు కూడా పొద్దుణ్ణించీ అతనే పాడతాడు, మిగతావాళ్ళని పంపించెయ్. ఆ ఖాళీ చుట్టూ తాడు కట్టి విశిష్ట అతిథుల్ని కూర్చోబెట్టు."

ఈ సంగతులేవీ తెలియని కంటకమ్మ, బండ వెనక కిన్నెరయ్యని పట్టుకుంది.

"తమ్ముడూ, పాడేసి నాతో ఇంటికొచ్చెయ్యరా."

"ఇంటికా?" కిన్నెరయ్యకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. "రేపంతా నేనే అక్కా! తర్వాత అడవులన్నీ తిప్పుతారట. ఉండడానికి పెద్ద చెట్టుతొర్ర ఇస్తారట. ఇంక ఆ రాయి కిందికి నేనెందుకొస్తాను?"

వాడు బాగుపడాలని కంటకమ్మకి నిజంగానే ఉంది. తను నిద్రపోవాలనీ ఉంది. ఈ రెండూ కలిసి జరిగే దారి ఆవిడకి కనిపించలేదు. ఏడుపొచ్చింది.

"పోనీలే నాయనా, చల్లగా ఉండు. ఇవాళ ఒక్కసారి తనివితీరా విని వెళ్తాను."

వచ్చి తన చోట్లో కూర్చుంది. అక్కడ ఇప్పుడు చిరుతపులి, ఎలుగుబంటి, అడవిదున్న ఆవిణ్ణి ఆనుకుని కూర్చున్నాయి. ముళ్ళకి జంకి దూరం జరగడం విశిష్ట అతిథులకి నామోషీ.

"కీ..." అన్నాడు కిన్నెరయ్య.

తనివితీరా విందామనుకున్న కంటకమ్మ ఆ మొదటి కీ సగంలోనే పక్కకి ఒరిగి గురక మొదలెట్టింది. ఎన్నాళ్ళ బాకీ నిద్రో!

"చూడు, ఎలా లీనమైపోయారో!" అంది పరిమళ.

"ఆ గురక కూడా శ్రుతిలోనే ఉంది" అంది ఒక ఉడుము.

అయితే ఈ సంగీతాన్ని ఇలా వినాలన్నమాట. కుందేళ్ళు పడుకున్నాయి. జింకలు పడుకున్నాయి. చిరుతపులి కంటకమ్మ పక్కనే తల వాల్చింది. దొంగ గురకలతో మైదానం మారుమోగింది. పాట ఎవరికీ వినబడలేదు కాబట్టి, బాగా లేదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

కాసేపటికి కిన్నెరయ్య ఆపాడు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే మనకి మెలకువ వచ్చేస్తుంది చూడండి, కంటకమ్మకి అలాగే అయింది. ఉలిక్కిపడి లేచింది. ఆవిడతోపాటు ముళ్ళన్నీ లేచాయి.

చిరుతపులి "అబ్బా!" అని ఎగిరి మద్దిచెట్టెక్కింది. ఎలుగుబంటి కెవ్వున అరిచి గిరగిరా తిరిగింది. అడవిదున్న వెనక భాగం పట్టుకోవడానికి చేతులు లేక గంతులేసింది.

ఈ పాటకి మెచ్చుకోలు ఇలా తెలపాలని జనానికి అర్థమైంది. మైదానమంతా "అబ్బా!" అని ఎగిరింది. మరుగుపొదల ముందు వరసలో నిలబడ్డవాళ్ళు సైతం వచ్చిన పని మర్చిపోయి ఎగిరారు. అలాంటి విజయం ఆ అడవి ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న పరిమళ ఒళ్ళు నాక్కుంటుంటే, పొదవార పోతున్న ఒక ఎలుక "కీ..." అని కూనిరాగం తీసింది.

"అది నీకెలా తెలుసే?" అంది పరిమళ, నాకడం ఆపి.

"కిన్నెరయ్య గారి పాట ఎవరికి తెలియదండీ?"

అంతే. పరిమళ వెళ్ళి నలుగురికి చెప్పింది, ఆ నలుగురూ అందరికీ చెప్పారు.

"కిన్నెరయ్యా? మొదట్లో బాగా పాడేవాడు."

"మొదట్లో అంటే?"

"నిన్న మధ్యాహ్నం."

కిన్నెరయ్య మీసాలు దువ్వుకుని ద్వారం దగ్గరికి వచ్చేసరికి ముంగిస అడ్డం నిలబడింది.

"తెలిసిన పాట లోపలికి రాదండీ."

"పాడేదే నేను కదా!"

"రూల్ అంటే రూలండీ. కావాలంటే ఇక్కడే దుంపలు తిని వెళ్ళండి."

లోపల జంబుకేశ్వర్ ఖాళీ మైదానం చూస్తూ నిలబడ్డాడు. మిగతా గాయకుల్ని నిన్ననే పంపేశాడు. వచ్చినవాళ్ళల్లా విశిష్ట అతిథులే. వాళ్ళు నిలబడే అతన్ని తిట్టిపోశారు, కూర్చోలేరు కనుక. వాళ్ళ అరుపులకి అడవిలో జంబుకేశ్వర్ ఎవరో తెలియనివాళ్ళు లేకుండా పోయారు. అందరికీ తెలిసినవాడు లోపల ఉండకూడదు కాబట్టి, ముంగిస ఆయన్ని కూడా నియమం ప్రకారమే బయటికి పంపింది.

కంటకమ్మ బొరియలో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. గుమ్మం పక్కన రాయి కదిలిన చప్పుడైంది. తల బయటపెట్టి చూసింది. కిన్నెరయ్య మీసాలు వేలాడేసుకుని రాయి కిందికి దూరుతున్నాడు.

"వచ్చావా తమ్ముడూ!" సంతోషం దాచుకోవడం ఆవిడకి చేతకాలేదు. "ఏదీ, ఒకసారి అందుకో."

"నా పాట ఇంక ఎవరూ వినరక్కా."

"నేను మాత్రం ఎప్పుడు విన్నానురా? సగం కీ దాకా కూడా మెలకువగా ఉండనే!"

కిన్నెరయ్య కాసేపు అలిగి కూర్చున్నాడు. ఇంకెక్కడికీ వెళ్ళే చోటు లేదు కాబట్టి, తర్వాత నెమ్మదిగా "కీ..." అన్నాడు. లోపల్నుంచి గురక వినిపించింది.

నీతి: మనకి నచ్చిన పాట మనకే మిగలాలంటే, దాన్ని ఒక్క పూట ఊరందరికీ నచ్చనివ్వాలి.