గెనుసుకేకు దిగ్విజయము

పూర్వసముద్రతరంగశీకరశీతలమై, రొయ్యలచెరువుల చక్రయంత్రఘోషముఖరితమై, శాలిక్షేత్రహరితాంబరధారిణియై విలసిల్లు అల్లూరుపురమున, ఇంటింటి వాకిట కాగితపు నక్షత్రములు వెలుగు డిసెంబరు మాసమున, మైదాసురసంహారమునకు నడుము బిగించిన వీరవనిత ఎలిశబెతు చరిత్రము చెప్పెద, చెవులు రిక్కించి వినుడు!

ఆ రణమునకు కారణమేమందురా? ఆమె ప్రాణనాథుడు బెన్హరు షుగరుపీడితుడు. నిరుటి క్రిస్మసునాడు చుట్టములెల్ల కేకు చప్పరించుచుండ, ఆ మహానుభావుడు మూల కుర్చీలో కీరకాయ కొరుకుచు పళ్లెముల వంక దొంగచూపులు చూచినాడు. పాపం! ఎలిశబెతుకు కడుపు తరుక్కుపోయినది. ఈ ఏడు ఆయనను అందరి నడుమ కూర్చుండబెట్టి కేకు తినిపించెదనని ఆమె ఒట్టు పెట్టుకొన్నది.

పిమ్మట మైదాపొట్లమునకు వ్రేలు చూపి గర్జించినది: "ఓరి శ్వేతవర్ణవంచకా! మైదాధమా! ఈ వంటింట నీ కొలువు ముగిసినది. భూగర్భసంభవుడు, తామ్రవర్ణుడు, పీచుబలసంపన్నుడు చిలగడదుంపయను మారుపేరుగల గెనుసుగడ్డ మహారాజు వేంచేయుచున్నాడు, తొలగిపొమ్ము!"

"గెనుసుగడ్డల్ని ఉడకేసుకోని తింటారు గానీ, కేకు చేస్తారంటమ్మే యాడన్నా?" అని అత్తగారు కెజియమ్మ బుగ్గలు నొక్కుకొన్నది. "నేను మాత్రం నోట్లో బెట్టను, చెప్తుండా."

అత్తగారి శాపమును లెక్కసేయక, గడ్డలను పలుచగా తరిగి, మిద్దెపై గలగలలాడ ఎండించి, డబ్బా చంకనిడి ఆ వీరాంగన పిండిమరకు దండు వెడలినది. మరకు అధిపతి నరసయ్య చేయి అడ్డము పెట్టినాడు.

"ఉండక్కా, ఇప్పుడే మిరపకాయలు ఆడించినా. రెండు గుప్పిళ్లు బియ్యం పోసి మర కడగనీ."

"వలదు! మత్పతి భక్షింపనున్న ఈ పవిత్రపిష్టమున ఒక్క బియ్యపు నలుసునైనా కలువనీయను. మరలో పోయుము!"

"నీ ఇష్టం. మళ్లా నన్ననబాక," అని నరసయ్య మర త్రిప్పినాడు. అయ్యో, పంతమెంత పని చేయించును!

ఆ పిండిని కలుపునపుడు ఆమె వరుసబెట్టి తుమ్మినది. జలుబనుకొన్నది, వెర్రితల్లి! చక్కెరను సగానికి కోసి, కోడిగ్రుడ్లను గిలకొట్టి, ఇసుక పోసిన కుక్కరులో కేకును ప్రతిష్ఠించినది.

పండుగనాడు బంధుసభామధ్యమున బెన్హరు ఆసీనుడై మొదటి ముక్క కొరికినాడు. ఆయన చెవులెర్రబడెను, కన్నులు ధారలు కట్టెను.

"కారంగా ఉందే!"

అప్పుడు వెలిగినది ఎలిశబెతుకు, బియ్యమును కాదని మిరపను ఇంటికి తెచ్చుకొన్న సంగతి. పరువు గంగలో కలిసినదని, ఏడుపు దిగమ్రింగి పళ్లెము తీయబోగా, బెన్హరు దానిని రొమ్మునకు హత్తుకొన్నాడు.

"తియ్యబాక! కారమైతే ఏంది? నా ముక్క నాకుండనీ."

కొడుకట్లు ఉఫ్ ఉఫ్ అనుచునే నమలుట చూచి, కెజియమ్మ ఆగలేక ఒక చిటికెడు త్రుంచి నోట వేసికొన్నది. బుసకొట్టినది. నీళ్లు త్రాగినది. మరల త్రుంచినది. అంతలో బెన్హరు రెండవ ముక్కకు చేయి చాపగా, ఆ చేతిపై చుర్రుమని ఒక్కటేసినది.

"నీకు షుగరు గదరా, ఒకటి చాల్లే. అది ఇటియ్యి!"

జయము జయము! సకలదిక్పాలకులారా, వ్రాసికొనుడు! అల్లూరుపురమున, గెనుసుకేకు ముక్క కొరకు అత్తగారు కన్నకొడుకుతో కలబడినది!