విమానమెక్కిన బృంద సైకిలు

“ప్రజల కష్టం తెలియాలంటే ప్రజల సైకిలే తొక్కాలి. అందుకే నేను సైకిలుతో విమానం ఎక్కుతున్నాను” అని గోకులకృష్ణన్ గారు కోవిల్‌పట్టిలో ఒక కల్యాణ మండపం ఏసీ హాల్లో విలేకరులకు ప్రకటించారు. ఆయన ఒక పార్టీకి జిల్లా కార్యదర్శి. నేను చెల్లసామిని, మెయిన్ రోడ్డులో సైకిలు రిపేరు షాపు నాది. ఆ ప్రకటనకు చప్పట్లు కొట్టిన మొదటి పదిమందిలో నేనొకణ్ణి. మిగతా తొమ్మిదిమంది మండపం స్టాఫు.

సంగతేమిటంటే, ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో కడంబూరు వైపున్న మా పల్లెకు వచ్చే ఒకే ఒక్క బస్సును ఆపేశారు. దాన్ని మళ్ళీ వేయించడానికి ఆయన చెన్నై నుంచి కోవిల్‌పట్టి దాకా పన్నెండు రోజుల సైకిలు యాత్ర తలపెట్టారు. ఇక్కడినుంచే చెన్నైకి తొక్కవచ్చు కదా, విమానం దేనికి అని ఒక విలేకరి అడిగాడు. కొత్తవాడు, అనుభవం చాలదు.

గోకులకృష్ణన్ గారు జాలిగా నవ్వారు. “ఇక్కడినుంచి తొక్కితే ప్రజల్ని వదిలి పోతున్నట్టు. అక్కడినుంచి తొక్కితే ప్రజల దగ్గరికి వస్తున్నట్టు.”

విలేకరి బుద్ధిగా రాసుకున్నాడు.

ఆయన తలుచుకుంటే కొత్త సైకిలు క్షణంలో వస్తుంది. కానీ కొత్తదానికి ప్రజల చెమట అంటి ఉండదు. అందుకని మా పల్లెలో బృంద సైకిలును ఎంచుకున్నారు. బృంద ప్లస్ టూ చదువుతోంది. ఆ సైకిలు బడిలో ఉచితంగా ఇచ్చినది. బస్సు ఆగినప్పటినుంచి దాని మీదే కోవిల్‌పట్టి బడికి వస్తోంది. వాళ్ళమ్మ నాగమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సభల్లో అచ్చమైన తమిళం మాట్లాడే గోకులకృష్ణన్ గారు ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం మా ఇళ్ళలోని తెలుగులోకి దిగుతారు.

“నాగమ్మా, మనోళ్ళ సైకిలే నాకు కావాల. పన్నెండు దినాలే. మళ్ళ మీ వాకిట్లోకి బస్సే వస్తాది” అన్నారు.

నడిమధ్యలో పాపకు ప్రాక్టికల్ పరీక్ష ఉందని నాగమ్మాళ్ నసిగింది. ఆ రోజుకు తన కారే పంపిస్తానని ఆయన మాటిచ్చారు. ఇంకేం కావాలి!

ప్యాకింగు గౌరవం నాకు దక్కింది. హ్యాండిల్ తిప్పాను, ముందు చక్రం విప్పాను, పెడల్స్ ఊడదీశాను. టైర్లలో గాలి తీసేయాలని విమానం వాళ్ళ రూలట. “మా టైర్లలో గాలికే ఈ ప్రభుత్వం వణుకుతోంది” అని ఆయన స్టేట్‌మెంట్ ఇచ్చారు. మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. అన్నీ పెద్ద అట్టపెట్టెలో సర్ది, నా నీలం తాడుతో నాకు మాత్రమే చేతనైన ముడి వేశాను.

తూత్తుక్కుడి విమానాశ్రయం మాకు దగ్గర. కానీ ఆ దారిలో విరుదునగర్ రాదు. విరుదునగర్‌లో సన్మానం ఉంది. కాబట్టి మదురైలోనే విమానం ఎక్కాలని తీర్మానించారు. నేనూ వెంట వెళ్ళాను.

విరుదునగర్‌లో ఒక పరోటా కొట్టు ముందు వేదిక కట్టారు. పక్కనే పెనంలో నూనె పరోటాలు వేగుతున్నాయి. ముందు పెట్టెకు దండ వేశారు, తర్వాత ఆయనకు. ప్రజలు సైకిలు చూడాలంటున్నారని నా చేత మళ్ళీ అంతా బిగింపించారు. ఆయన సీటెక్కి కూర్చున్నారు. ఇద్దరు కార్యకర్తలు ఫోటోలో పడకుండా పట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు నలభై ఫోటోలు తీశాడు. ఆలోపల ఆయన పన్నెండు చొక్కాలు మార్చారు. యాత్రలో చెమట పడుతుంది కదా, ముందుచూపు అనుకున్నాను.

విమానానికి టైమైందని తొందరపెడితే గబగబా విప్పి పెట్టెలో సర్ది కట్టేశాను. కార్లు కదిలాయి. చేతులు తుడుచుకుందామని జేబులోని గుడ్డ తీయబోతే పెడల్స్ రెండూ తగిలాయి. నోరు తెరిచాను. వెనక వ్యానెక్కుతున్న ఆయన పీఏ ప్రభాకరన్ చప్పున నా నోరు మూశాడు.

“అన్న పయనం బయలుదేరినాడు. వెనకనించి పిలవద్దు” అన్నాడు.

నిజమే. మా ఇళ్ళల్లో అన్నం క్యారియరు మరిచి పొలానికి పోతున్నవాణ్ణి కూడా వెనకనుంచి పిలవరు. ముందుకు పరుగెత్తి ఎదురొచ్చి ఇస్తారు. కారుకు ఎదురెళ్ళడం నా వల్ల కాదు. ఫోన్ చేస్తే అది ముందునుంచి పిలిచినట్టా, వెనకనుంచి పిలిచినట్టా అని నేను తేల్చుకునేలోపు విమానం ఎగిరిపోయింది. చెన్నైలో పెడల్స్ దొరకవా ఏమిటి అని సర్దిచెప్పుకున్నాను.

ఆ పన్నెండు రోజులూ పేపర్లు ఆయనవే. విళుప్పురంలో గోకులకృష్ణన్, తిరుచ్చిలో గోకులకృష్ణన్, దిండుక్కల్‌లో గోకులకృష్ణన్. ప్రతి ఫోటోలోనూ సైకిలు మీద చిరునవ్వు, వేరే చొక్కా, వెనక నూనె పొగ. విరుదునగర్ పరోటా రాష్ట్రమంతా వ్యాపించిందని నాకు అప్పుడే తెలిసింది.

బృంద రోజూ పొద్దున్నే నడిచి వస్తూ నా షాపు ముందు ఆగేది.

“మామా, నా సైకిలు ఇప్పుడు ఏడ ఉండాది?”

నేను పేపరు చూసి తిరుచ్చి దాటిందని చెప్పేవాణ్ణి. పరీక్ష రోజు కారు రాలేదు. అది యాత్ర వెంట ఉందట. ఆ పిల్ల నడిచి, సగం దూరం పరుగెత్తి, గంట ఆలస్యంగా వెళ్ళింది. బతిమాలితే లోపలికి రానిచ్చారట. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక ఒకే ట్యూబుకు నాలుగు ప్యాచీలు వేశాను.

పన్నెండో రోజు బైపాస్ దగ్గర మేళాలు, టపాసులు. చివరి ఫర్లాంగు ముందు సైకిలుకు సర్వీసింగు చేయాలని నాకు కబురొచ్చింది. వేదిక వెనక్కి వెళ్ళాను. అక్కడ పెట్టె ఉంది. నా నీలం తాడు, నా ముడి. పైన విమానం వాళ్ళ ట్యాగులు రెండు. ఒకటి మదురై నుంచి చెన్నైకి. రెండోది చెన్నై నుంచి మదురైకి, ఆయన విమానమెక్కిన మర్నాటి తేదీతో.

నేను చూస్తూ నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కాలో ఉన్న గోకులకృష్ణన్ గారు దగ్గరికొచ్చి మా ఇంటి తెలుగులో మెల్లగా అన్నారు.

“చెల్లసామీ, అవి దిష్టికి కట్టినవి. పీకేయి.”

పీకేశాను. సైకిలు బిగించి, జేబులోంచి పెడల్స్ తీశాను.

“ఇప్పుడవి దేనికప్పా? తోసేదానికి మనుసులు ఉండారు” అన్నారు.

ఇద్దరు తోశారు. దండలు కిందిదాకా వేలాడుతుండటంతో పాదాలు ఎవరికీ కనబడలేదు. మైకులో ఆయన గొంతు గద్గదమైంది. ఇంత దూరం తొక్కాక తనకొక సత్యం తెలిసిందన్నారు. ఏడు కిలోమీటర్లు అసలు దూరమే కాదట, ఆరోగ్యానికి సైకిలును మించింది లేదట. అందుచేత బస్సు డిమాండును వాపసు తీసుకుంటున్నామన్నారు. చప్పట్లు మారుమోగాయి. చరిత్ర సృష్టించిన ఆ సైకిలును ఇక ఎవరూ తొక్కకూడదని, పార్టీ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంచాలని తీర్మానించారు. నాగమ్మాళ్‌కు, బృందకు చెరొక శాలువా కప్పారు.

మర్నాడు పొద్దున బృంద నడిచి వచ్చి షాపు ముందు ఆగింది. నేను పెడల్స్ రెండూ ఆ రోజు పేపర్లో చుట్టి చేతికిచ్చాను.

“మిగతాది?” అంది.

“బీరువాలో ఉండాది” అన్నాను.

ఆ పొట్లాన్ని పుస్తకాల సంచిలో పెట్టుకుని బడి వైపు నడిచింది. పెట్టె మీది ఆ రెండు ట్యాగుల సంగతి ఆమెకు చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే బయలుదేరింది కదా, వెనకనుంచి పిలవలేదు.