కుడిచేతికి వచ్చిన రిజిస్ట్రేషన్

తాతాజీకి ఇంజనీరింగ్ టెక్నీషియన్‌గా రిజిస్ట్రేషన్ వచ్చింది, కానీ కుడిచేతికి మాత్రమే. ఇందులో రిజిస్ట్రేషన్ ఇచ్చే మండలివారి తప్పేమీ లేదు. ఇంటర్వ్యూలో పానా తీసుకుని కంప్రెసర్ నట్టు బిగించింది కుడిచెయ్యి. ఎడమచెయ్యి పైపు కదలకుండా పట్టుకుని ఊరుకుంది. పట్టుకోవడం సామర్థ్యం కిందికి రాదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇక తలకాయ సంగతంటారా, దాన్ని ఎవరూ ఏమీ అడగనే లేదు.

భీమవరం దగ్గర రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీలో తాతాజీ పెళ్లికి ముందు నుంచీ మెకానిక్. రిజిస్ట్రేషన్ లేని టెక్నీషియన్లెవరూ ఇకమీదట మిషన్ల దగ్గరికి రాకూడదని యాజమాన్యం నోటీసు అంటించింది. ఉన్న ఉద్యోగం పోతే ఈ వయసులో తనని పిలిచేదెవరని భయపడి దరఖాస్తు పెట్టుకున్నాడు. అందుకే వచ్చిందే మహాభాగ్యం అనుకున్నాడు. భార్య సత్యవేణి కుడిచేతికి బొట్టు పెట్టి హారతిచ్చింది. ఆనక పళ్లెం ఎడమచేతికిచ్చి లోపల పెట్టి రమ్మంది.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ముసలయ్య లేచి నిలబడి, కుడిచేతికి సెల్యూట్ కొట్టాడు.

"ఆయ్, తమరు దయచెయ్యండి. మిగతాయన ఆగాలండి."

"మిగతాయన నేనే కదయ్యా!"

"నాకు తెలీదేంటండీ? మరి కార్డు దానికే ఉందండి. మీకు విజిటర్ పాస్ రాసిస్తాను, కంగారుపడకండి."

ఎవరిని కలవాలి అన్నచోట 'కుడిచెయ్యి' అని రాయించుకుని, తాతాజీ తన ఉద్యోగంలోకి తనే చుట్టంచూపుగా వెళ్లాడు.

లోపల కుడిచేతికి ఒక బల్ల, దాని మీద మెత్తటి దిండు, పైన ఫ్యాను. రిజిస్టరైనవాళ్లు పర్యవేక్షించాలే గానీ పనిముట్టు ముట్టుకుంటే హోదాకి భంగం. పనంతా ఎడమచేతి మీద పడింది. రిజిస్ట్రేషన్ లేకుండా అది మిషన్ దగ్గరికి ఎలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. టెక్నీషియన్‌గా రాకూడదు గానీ, కూలీగా భేషుగ్గా రావచ్చు. పొద్దుగూకే దాకా అది గ్రీజులో మునిగేది. చేసిన పని కింద కుడిచెయ్యి సంతకం పెట్టేది. మొదట్లో తాతాజీకి ఒళ్లు మండిపోయేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. తినడం కుడిదీ, కడగడం ఎడమదీ. ఈ సంగతి మన దేశంలో ఏ చేతికీ కొత్తగా నేర్పక్కర్లేదు కదా!

రొయ్యల సీజన్ మధ్యలో ఒకరోజు అమ్మోనియా లీకైంది. కళ్లు మండి జనం బయటికి పరుగెత్తారు. వాల్వు బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులూ వేస్తేగానీ తిరగదు. తాతాజీ కుడిచేతిని దాని మీద వెయ్యబోతే, అది జేబులోకి దూరి కూర్చుంది.

"ఒక్కసారి రావే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!" అని బతిమాలాడు తాతాజీ.

అది నిబంధన దాటే రకం కాదు. ఎడమచెయ్యే ఒంటరిగా వేలాడి వాల్వు తిప్పింది. వేళ్ల మీద తోలు ఊడిపోయింది. రిజిస్టర్డ్ టెక్నీషియన్ పర్యవేక్షణలో లీకు ఆగిందనీ, సిబ్బందిలో ఎవరికీ గాయాలు కాలేదనీ మేనేజరు పైకి రాసి పంపాడు. అందులో అబద్ధమేం లేదు, ఎడమచెయ్యి సిబ్బంది కాదు. కుడిచేతికి సన్మానం చేసి, దాని కొలతకి కుట్టించిన శాలువా కప్పారు.

దాంతో తాతాజీకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఎడమచేతి పేర దరఖాస్తు పెట్టాడు.

"దీనికి కూడా రాకపోతే నేను మనిషినే కాదు," అన్నాడు సత్యవేణితో.

కట్టు కట్టిన చేత్తో ఇంటర్వ్యూకి వెళ్లాడు. బోర్డులో ముగ్గురు. అనుభవజ్ఞుల కోటాలో కొత్తగా వేసిన మూడో సభ్యురాలు తాతాజీ కుడిచెయ్యే. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టడానికి తాతాజీ బల్ల మీదికి అడ్డంగా వంగి నిలబడాల్సి వచ్చింది.

"సొంతవాళ్లయితే పక్షపాతం వస్తుందేమోనండీ?" అని రెండో సభ్యుడు నసిగాడు.

"రిజిస్ట్రేషన్ అయ్యాక సొంతవాళ్లంటూ ఎవరుంటారండీ?" అన్నాడు అధ్యక్షుడు.

తాతాజీకి ప్రాణం లేచొచ్చింది. "దానికి అన్నీ తెలుసండి. పుట్టిన దగ్గర్నుంచీ రెండూ పక్కపక్కనే ఉన్నాయండి. ఆ రోజు వాల్వు ఎవరు తిప్పారో దాన్నే అడగండి!" అన్నాడు.

అడిగారు. కుడిచెయ్యి కలం తీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: 'ఎడమచెయ్యి పట్టుకుంది. అంతే.'

తాతాజీ నోరు తెరిచాడు గానీ, నోటికి రిజిస్ట్రేషన్ లేదు. పోనీ దణ్ణం పెట్టి వెళ్దామంటే కుడిచెయ్యి కలిసి రాలేదు. ఉత్త ఎడమచేత్తో పెద్దవాళ్లకి దణ్ణం పెడితే ఏం మర్యాదని, తల వంచుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే సత్యవేణి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించింది.

"పోన్లెండి, బెంగపెట్టుకోకండి. మనింట్లో ఒకరికైనా వచ్చింది కదా," అంది.

తాతాజీకీ అది నిజమేననిపించింది. కుడిచెయ్యి తృప్తిగా భోంచేసింది. ఎడమచెయ్యి కట్టుతోనే కంచం కడగడానికి తీసుకెళ్లింది.