ఆరడుగుల పది అంగుళాల పన్ను మాఫీ

"మిల్‌బర్న్ తన ప్రేమను డబ్బుతో కొలవదు!" అని మా మేయర్ వేలన్ స్టౌఫర్ గారు సిటీ హాలు మెట్ల మీద ప్రకటించారు. ఆ వెంటనే ఎంత డబ్బు కావాలో లెక్క తేల్చడానికి కమిటీ వేశారు. అంతటి ముందుచూపున్న మనిషి ఒహాయో మొత్తంలో ఇంకొకరు లేరు.

మా బాస్కెట్‌బాల్ స్టార్ కెండాల్ ప్రూయిట్ కాంట్రాక్టు జూన్‌తో తీరిపోతోంది. జూలై వస్తే ఫ్రీ ఏజెంట్, నచ్చిన జట్టుకు పోవచ్చు. "నాకు డబ్బు ముఖ్యం కాదు" అని అతను టీవీలో అనగానే ఊరి గుండెల్లో రాయి పడింది. ఆ మాటన్న ఆటగాడెవడూ ఇంతవరకూ తక్కువకు ఆడలేదు. ఫ్లోరిడా జట్టు ఏడాదికి యాభై మిలియన్ల డాలర్లంది. మా జట్టూ అంతే అంది. కానీ ఫ్లోరిడాలో జీతం మీద రాష్ట్రం పన్ను లేదు, ఊరి పన్నూ లేదు. మాకు రెండూ ఉన్నాయి.

"రాష్ట్రం పన్ను నా చేతిలో లేదు. ఊరి పన్ను ఎత్తేద్దాం, మిగతాది ప్రేమతో సర్దుకుంటాడు" అన్నారు మేయర్ గారు కౌన్సిల్లో.

"ఒక్కడికే మాఫీ ఇస్తే కోర్టు కొట్టేస్తుంది సార్" అన్నాడు సిటీ లాయరు.

"అయితే పొడుగోళ్లందరికీ ఇద్దాం. కెండాల్ ఎత్తెంత?"

"జట్టు పుస్తకంలో ఆరడుగుల పది అంగుళాలని ఉందండీ."

"రాసెయ్. అంగుళం తగ్గినా సెంటు వదలొద్దు!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఖజానాకు పడే చిల్లు పూడ్చడానికి లిండెన్ వీధి ఆటల కేంద్రాన్ని జూన్ ముప్పైన మూసేయాలనీ నిర్ణయించారు. కెండాల్ ఆట నేర్చుకున్నది అక్కడే. పంతొమ్మిదేళ్లుగా దాని తాళాలు, తుడుపుకర్ర నా దగ్గరే ఉన్నాయి. చలికాలం సాయంత్రాలు మూడొందల మంది పిల్లలు వస్తారు. వాళ్లకేం చెప్పాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. మేయర్ గారే స్వయంగా ఓదార్చడానికి వచ్చారు.

"ఎంత త్యాగం చేశావు వెండెల్!"

"నేనేం చేశాను సార్? మీరేగా చేసింది."

"చూశావా, గొప్పలు చెప్పుకోవు. అదే నీలో నాకు నచ్చేది."

మాఫీ కావాలంటే పన్నుల శాఖ ఎత్తు కొలిచి ధ్రువీకరించాలట. ఆఖరి రోజు మా కేంద్రంలోనే, బ్యాండు మేళంతో, ఉత్సవంగా కొలత పెట్టారు. కెండాల్ తన ఏజెంటుతో వచ్చాడు. టేపు పట్టుకున్న హ్యాచ్ మేడమ్ ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరినీ చూసి నవ్విన మనిషి కాదు.

"బూట్లు విప్పండి."

"బూట్లెందుకు?" అన్నాడు ఏజెంటు.

"మాఫీ మనిషికి. బూట్లకు కాదు."

మా ఆటలో పుస్తకాల్లో వేసే ఎత్తుకు బూట్ల మడమ కలుస్తుంది, దానిమీద జట్టు అభిమానం ఒక అంగుళం. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. కెండాల్ బూట్లు విప్పాడు.

"ఆరడుగుల ఎనిమిది."

బ్యాండు ఆగిపోయింది. మేయర్ గారు దగ్గరికొచ్చి, "మేడమ్, ఇంకోసారి కొలవండి. కాస్త పెద్ద మనసుతో" అన్నారు. ఆమె పెద్ద మనసుతో కొలిచింది. ఎనిమిదీ పావు వచ్చింది.

కెండాల్ బూట్లు తొడుక్కుని కారెక్కాడు. బ్యాండువాళ్లు సామాను సర్దుకునే లోపే ఫోన్లలో అతని ప్రకటన వచ్చేసింది. "ఫ్లోరిడా వెళ్తున్నాను. ఇది డబ్బు విషయం కాదు. నన్ను నన్నుగా చూసే ఊరు కావాలి." కింద కొత్త జట్టు వేసిన ఫోటోలో అతని ఎత్తు ఆరడుగుల పదకొండు.

హ్యాచ్ మేడమ్ టేపు చుట్టబోతూ నన్ను ఎగాదిగా చూసింది.

"మీరొకసారి నిలబడండి."

నేల పాడవుతుందని నేనెప్పుడూ అక్కడ బూట్లు వేసుకోను. నిలబడ్డాను. సరిగ్గా ఆరడుగుల పది. ఆమె కాగితం మీద ముద్ర కొట్టి చేతికిచ్చింది.

"రేపట్నుంచి మీ జీతంలో ఊరి పన్ను సెంటు కూడా కోయరు."

"నా ఉద్యోగం ఇవాళ్టితో ఆఖరు మేడమ్."

మేయర్ గారు పరుగున వచ్చి నా భుజం అందక మోచెయ్యి పట్టుకున్నారు. ఫోటోగ్రాఫర్లను పిలిచారు.

"రాసుకోండి! ఈ మాఫీ కోటీశ్వరులకోసమే అన్నారుగా? మొట్టమొదట అందుకున్నది ఎవరో చూడండి!"