ఓనరు పెట్టుకున్న అప్పీలు

"అరకు లోయ ఇకమీదట ఎక్కడ పడితే అక్కడ ఆగదు!" అని వరహాలరావుగారు మైకులో ప్రకటించారు.

మేం చప్పట్లు కొట్టాం. లోయ ఆగడమేమిటని ఎవరూ అడగలేదు. ఆయన చెబుతున్నది బండ్ల గురించి. గొప్ప నాయకుల మాటల్లో ఒకటి రెండు పదాలు మనమే పూరించుకోవాలి.

వరహాలరావుగారు ఏజెన్సీ ప్రగతి కమిటీకి కన్వీనరు. ఆ కమిటీలో ఇంకెవరున్నారో నాకు తెలియదు. నేను సంత మైదానానికి ఎదురుగా మేడమీద అద్దెగదిలో ఒంటరిగా ఉంటాను. గదికి పెద్ద కిటికీ ఉంది. వేరే పని లేదు.

ఆ రోజు ప్రారంభమైంది శ్రీ వరాహ మోడ్రన్ పార్కింగ్ సర్వీసెస్. సంతని ఆనుకుని ఉన్న ఖాళీ జాగా చుట్టూ ముళ్ళతీగ కట్టి, నేలమీద సున్నంతో గళ్ళు గీశారు. బండి పెట్టాలంటే చీటీ కొనాలి. చీటీ లేకపోతే చక్రానికి గొలుసు, అద్దం మీద జరిమానా నోటీసు. నోటీసు నచ్చకపోతే అప్పీలు.

"అప్పీలు లేని పార్కింగు నియంతృత్వం!" అన్నారు వరహాలరావుగారు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఈ లోయలో గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. కౌలుకి తీసుకున్నా చెల్లదు. ఆ చట్టమంటే ఆయనకి ఎంత గౌరవమంటే, పల్లం నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా తన పేరున ఒక్క సెంటు పెట్టుకోలేదు. తను ఉంటున్న డాబా ఇల్లు వంటమనిషి మంగ్లు పేరున ఉంది. తను తిరిగే తెల్ల సుమో కూడా గిరిజన స్వయం ఉపాధి పథకం కింద మంగ్లు పేరునే వచ్చింది. మంగ్లుకి డ్రైవింగ్ వచ్చు. అయినా బాధ్యత ఎక్కువని తాళం మాత్రం వరహాలరావుగారే మోస్తారు. ఇంత నిస్వార్థపరుణ్ణి నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

అదే పద్ధతిలో పార్కింగుకి ఓనరు సుక్రు అయ్యాడు.

సుక్రుది పైన కొండమీద ఊరు. పాత కమాండర్ జీపు నడుపుతాడు. ఆ ఊరికి ఉన్న బండి అదొక్కటే. ఏదో పథకమని చెప్పి అతని దగ్గర వేలిముద్రలు తీసుకున్నారు. ప్రారంభోత్సవం రోజున వేదిక ఎక్కించి, మెడలో బంతిపూల దండ వేశారు.

"వీరే సుక్రుగారు! ఈ పార్కింగుకి సర్వహక్కులూ గల యజమాని! గిరిజన పారిశ్రామికవేత్త!"

వెంటనే డప్పు మోగింది. స్థానిక సంస్కృతి ఉట్టిపడాలని వరహాలరావుగారే డప్పులవాళ్ళని పిలిపించారు. సుక్రు వాళ్ళ ఊళ్ళో పెళ్ళిళ్ళూ, పొలంగట్ల తగువులూ, పశువుల పంపకాలూ అన్నీ డప్పు మీదే తేలతాయి. నలుగురి ముందు ఒక మాట అని, దాని మీద డప్పు కొట్టించాక, అన్నవాడు దాన్ని వెనక్కి తీసుకోవడమనేది లేదు. ఈ సంగతి వరహాలరావుగారికి ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. డప్పు చాలా బాగుందని మాత్రం అన్నారు.

వేదిక దిగాక, "ఒరే సుక్రూ, ఆ దండ ఇలాగియ్యి. ఇంకో సభుంది," అన్నారు.

పార్కింగు అన్ని హంగులతో నడిచింది, చీటీలు కొనేవాళ్ళు లేకపోవడం ఒక్కటే లోటు. సంత జీపులవాళ్ళు "వచ్చేవారం చూద్దాంలే," అని నవ్వుతూ పోయేవారు. వరహాలరావుగారి మేనల్లుడు మోహన్‌కృష్ణ అక్కడ సూపర్‌వైజరు. అతనికి టోపీ ఉంది, ఈల ఉంది, గొలుసు ఉంది. గొలుసు వేయడానికి ధైర్యం చాలేది కాదు.

కాఫీ పండ్లు ఏరే రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున్న సుక్రు జీపు వచ్చి పార్కింగులో ఆగింది. జీపు నిండా పండ్ల బస్తాలు. బస్తాల మీద అతని భార్య కనక కూర్చుని ఉంది. పండ్ల తొక్క తీసే మిషను అవతలి ఊళ్ళో ఉంది. దారిలో సంతలో ఉప్పూ ఎండుచేపలూ కొందామని ఇద్దరూ దిగారు. తిరిగొచ్చేసరికి ముందు చక్రానికి గొలుసు ఉంది. మోహన్‌కృష్ణకి ఆ రోజే ధైర్యం వచ్చింది. ఉన్నవాళ్ళలో సుక్రు మెత్తనివాడు.

"ఏటిది?" అన్నాడు సుక్రు.

"గొలుసు."

"అది నాకూ అగుపడతంది. ఎందుకేసినావు?"

"చీటీ లేదు."

"ఈ జాగా నాదే కదేటి? డప్పేసి సెప్పినారు."

"నీదే."

"నా జాగాలో నా బండి ఎట్టుకుంటే నాకే గొలుసా?"

"రూలు ఓనరుకైనా ఒకటే. నచ్చకపోతే అప్పీలు చేసుకో."

"ఎవలికి?"

"ఓనరుకి."

సుక్రు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

కనక బస్తాల మీద చెయ్యి వేసింది. "పోనీ, బస్తాలు దింపుకుంటాం. ఇంకో జీపులో ఏసుకెల్తాం."

"కుదరదు. సరుకు కూడా బండిలో భాగమే."

"ఓరి సచ్చినోడా! కాపీ పండు ఎండలో ఇలాగుంటే సాయంత్రానికి పులిసిపోద్ది. పులిసిన పండు ఎవుడు కొంటాడు? ఊరోళ్ళందరూ ఏరి నమ్మి మా బండికెక్కించిన పండు. రేపు ఆళ్ళకి నీ గొలుసు సూపించమంటావేటి?"

మోహన్‌కృష్ణ ఈల ఊదాడు. జవాబు లేనప్పుడు అతను ఈల ఊదుతాడు. మనలో చాలామందికి ఆ సదుపాయం లేక మాట్లాడతాం.

కబురు అందుకుని వరహాలరావుగారు సుమోలో వచ్చారు. పార్కింగు మధ్యలో, నీడ పడేచోట బండి ఆపారు. సుక్రు భుజమ్మీద చెయ్యివేసి నా కిటికీ కిందకి తీసుకొచ్చారు. రహస్యాలు చెప్పుకునేవాళ్ళందరూ నా కిటికీ కిందకే వస్తారు. ఎవరూ పైకి చూడరు.

"ఒరే సుక్రూ, నీ అదృష్టంరా ఇది. ఓనరుకే గొలుసు పడిందంటే జీపులోళ్ళందరూ నోరుమూసుకుని చీటీలు కొంటారు. మధ్యాహ్నం సభ పెడతాను. పేపరువాళ్ళొస్తారు. నువ్వే అప్పీలు చెయ్యి, నువ్వే కుర్చీలో కూర్చుని కొట్టెయ్. రేప్పొద్దున్న నేనే గొలుసు తీయిస్తాను."

"రేపటికి పండు పులిసిపోద్ది బాబూ."

"నాయకుడన్నాక త్యాగం ఉండాలిరా."

"నేను నాయకుణ్ణా?"

"మధ్యాహ్నం వరకూ."

మధ్యాహ్నానికి షామియానా లేచింది. ఎర్ర వెల్వెట్ కుర్చీ వేశారు. డప్పులవాళ్ళు వచ్చారు. ముఖ్య అతిథి కొత్తగా వచ్చిన డిప్యూటీ తహసీల్దారు నిర్మల మేడమ్. ఆమెకి ఒక అలవాటుంది. లోయలో ఏ కొట్టు ముందు నిలబడినా, "ఇది ఎవరిది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న వల్ల అప్పటికే కొందరు వ్యాపారస్తులకి నిద్ర తగ్గింది. వరహాలరావుగారికి తగ్గలేదు. గిరిజన యజమానిని కళ్ళారా చూపిద్దామని ఆయనే ఆమెని పిలిచారు. మంగ్లు అందరికీ టీ ఇస్తున్నాడు.

"ఇప్పుడు అప్పీలు విచారణ!" అన్నారు వరహాలరావుగారు. "ఎంతటివారైనా రూలు ముందు సమానమే!"

డప్పు మోగింది.

సుక్రు సున్నపు గడిలో నిలబడి ఖాళీ కుర్చీకి దండం పెట్టాడు. "ఓనరు బాబూ, తప్పయిపోనాది. చీటీ సంగతి ఎరగను. బండిలో ఊరోళ్ళ పండుంది. బేగి ఒదిలెయ్యండి బాబూ."

తర్వాత నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ప్రతి మనిషిలో ఇద్దరుంటారని చదివాను. ఒకడు బతిమాలతాడు, ఒకడు తీర్పు చెబుతాడు. నాలో ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వాళ్ళని విడదీయడానికి ఒక కుర్చీ చాలని నాకు తెలియదు. కింద వంగి ఉన్న సుక్రు వెన్ను కుర్చీలో నిటారైంది. తను ఇంతసేపూ నిలబడ్డ గడిని అతను ఒక కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. చాలాసేపు చూశాడు.

"కుదరదు," అన్నాడు. "ఓనరయితే ఏటి? రూలు రూలే. కట్టాల్సిందే."

వరహాలరావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి. కనక నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో, ఈ మడిసికి ఏటో పట్టినాది!"

సుక్రు కుర్చీ దిగి గడిలోకి వచ్చాడు. ఎడమ జేబులోంచి డబ్బు తీశాడు. కుర్చీ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, ఆ డబ్బు కుడి జేబులో పెట్టుకున్నాడు.

"ముట్టింది," అన్నాడు. "గొలుసు తియ్యి."

మోహన్‌కృష్ణ మేనమామ వైపు చూశాడు. రేపన్నది ఇవాళే అయిపోతోంది. కాని నిర్మల మేడమ్ టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆసక్తిగా చూస్తోంది. వరహాలరావుగారు కళ్ళతోనే సరే అన్నారు. గొలుసు ఊడింది. కనక ఒక్క దూకులో జీపెక్కి బస్తా మూతి విప్పి వాసన చూసింది. "ఇంకా తియ్యగానే ఉంది! బేగి రా!"

సుక్రు లేవలేదు. కుర్చీలోంచి పార్కింగంతా కలియజూశాడు.

"ఆ తెల్లబండి ఎవలిది?"

షామియానాలో నవ్వులు లేచాయి. వరహాలరావుగారు కూడా నవ్వారు. "సుక్రుగారు మంచి చమత్కారి!"

"సీటీ ఉందేటి బాబూ?"

"నాకెందుకయ్యా చీటీ? నేను..." అని ఆగారు.

నిర్మల మేడమ్ గ్లాసు కింద పెట్టింది. "మీరేమిటి సార్? ఈ పార్కింగు మీదా?"

"అబ్బెబ్బే!" అన్నారు వరహాలరావుగారు, మైకు అందుకుని మరీ. "నాదేముంది మేడమ్ ఇక్కడ? గడ్డిపరక కూడా నాది కాదు. ఓనరు సుక్రుగారే! ముమ్మాటికీ సుక్రుగారే!"

ప్రకటన అయిపోయిందనుకుని డప్పులవాళ్ళు డప్పు కొట్టారు.

"గొలుసు," అన్నాడు సుక్రు.

గంట వింటే నోరూరే కుక్క గురించి కాలేజీలో పాఠం ఉండేది. గొలుసు అన్న మాట వినగానే మోహన్‌కృష్ణ చేతులు వాటంతటవే కదిలాయి. సుమో ముందు చక్రానికి తాళం పడ్డాక గాని తనేం చేశాడో అతనికి తెలియలేదు. అప్పుడు ఈల ఊదాడు.

వరహాలరావుగారు కోపగించుకోలేదు. అక్కడే ఆయన గొప్పతనం ఉంది. చిరునవ్వుతో సున్నపు గడిలోకి నడిచి, కెమెరాల వైపు తిరిగి, "నేను కూడా సామాన్యుడిలాగే అప్పీలు చేసుకుంటున్నాను," అన్నారు. గొంతు తగ్గించి, "ఒరే సుక్రూ..." అన్నారు. కుర్చీలోని మనిషి పలకలేదు. "సుక్రుగారూ..."

"సెప్పండి బాబూ. అప్పీలు బండి ఓనరే సెయ్యాల కదా. నేనలాగే సేసినాను."

"బండి ఎవరిది?" అంది నిర్మల మేడమ్. ఆమెకి అది అలవాటు.

వరహాలరావుగారు ఆకాశం చూశారు. కొండలు చూశారు. ఆ కొండలంటే ఆయనకి ఎంతో ఇష్టం. "మంగ్లు..." అని, కాస్త ఆగి, "మంగ్లుగారిది," అన్నారు.

మంగ్లు టీ పళ్ళెంతో వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"నీదేటి ఈ బండి?" అన్నాడు సుక్రు.

మంగ్లు వరహాలరావుగారి వైపు చూశాడు. ఆయన నిర్మల మేడమ్ వైపు చూశారు. ఆమె మంగ్లు వైపు చూసింది.

"నాదే," అన్నాడు మంగ్లు.

డప్పు మోగింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే కొట్టారు.

"అప్పీలు సేత్తావా?"

"లేదు. రూలు రూలే కదేటి. కట్టేత్తాను."

కట్టాడు. గొలుసు ఊడింది. సుక్రు కుర్చీ దిగి, దాని వెల్వెట్‌ని చేత్తో ఒకసారి తడిమి, పరుగెత్తుకెళ్ళి జీపు ఎక్కాడు. కాఫీపండ్ల తీపి వాసన నా కిటికీ దాకా వచ్చి, అవతలి ఊరివైపు పోయింది.

మంగ్లు వరహాలరావుగారి ముందు చెయ్యి చాపాడు.

"తాళం బాబూ."

నిర్మల మేడమ్ చూస్తోంది. పేపరువాళ్ళు ఫోటోకి సిద్ధమయ్యారు. వరహాలరావుగారు మైకులో, "గిరిజనుల స్వయం ఉపాధికి ఈ తాళం ఒక చిహ్నం!" అంటూ నవ్వుతూ అందించారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో బాగా వచ్చింది. ఆయన చెయ్యి తాళాన్ని ఇంకా వదలనట్టు కనిపిస్తుంది గాని, అది అచ్చులో లోపం కావచ్చు.

సభ ముగిసింది. షామియానా విప్పేశారు. వరహాలరావుగారు సున్నపు గడిలో ఒక్కరే నిలబడి ఉన్నారు. మోహన్‌కృష్ణ ఆయన్ని చూసి అలవాటు కొద్దీ ఈల ఊదబోయి మానుకున్నాడు.

సుమో మెల్లగా వచ్చి ఆయన పక్కన ఆగింది. ముందు సీట్లో టీ డేక్సా ఉంది.

"బాబూ, నేను ఇంటికెల్తన్నాను. ఎక్కుతారా?" అన్నాడు మంగ్లు. "ఎనక్కూకోండి."

ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. ఎవరి ఇంటికి అని అడగలేదు.