గేటు బోర్డు మీద హనుమప్ప

అశోక్‌నగర్‌లో ఆ గల్లీ మొదటి ఇంటి గేటుకు ఒక నల్లబోర్డు వేలాడుతుంటుంది. నారాయణగూడ కాలేజీలో ఇంగ్లిషు చెప్పి రిటైరైన బాలకిషన్ సారు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ రోజూ పొద్దున్నే దాని మీద ఒక అరుదైన ఇంగ్లిషు మాట, దాని అర్థం, పుట్టుక, ఒక ఉదాహరణ రాస్తారు. ఉదాహరణలో తప్పకుండా గల్లీవాళ్ల పేరే. ఒకప్పుడు బడికి పోయే పిల్లలు "ఇయ్యాల నా పేరుందా సార్?" అంటూ గేటు పట్టుకుని వేలాడేవారు. 2012 వచ్చేసరికి అందరి తలలూ సెల్‌ఫోన్ల మీదికి వంగిపోయాయి.

అలాంటి ఒక ఉదయం భార్య అరుంధతి తేల్చి చెప్పేసింది. "ఇయ్యాల ఒక్కలన్న ఆగి సదవకుంటే, రేపటి సంది ఆ బోర్డు నా కర్రీ పాయింటుకే. చెప్తున్న!"

సారు డిక్షనరీ ముందేసుకున్నారు. గట్టి మాట కోసం వెతికి వెతికి పట్టుకున్నారు: మాల్‌ఫీజెన్స్. పదవిలో ఉన్నవాడు చేసే తప్పుడు పని. పాత ఫ్రెంచిలో 'మల్' అంటే చెడు, 'ఫేర్' అంటే చేయడం. పదవి అనగానే ఆయనకు తట్టింది గల్లీ సంఘం ప్రెసిడెంటు ఒక్కడే. "ప్రెసిడెంటు హనుమప్ప మాల్‌ఫీజెన్స్ చేశాడు" అని ఉదాహరణ రాసి, చేతులు దులుపుకుని, పేపర్లు చదవడానికి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లిపోయారు.

ముందుగా ఆగింది కోచింగుకు పోతున్న మాధురి. "అయ్యో, ప్రెసిడెంటు దొరికిండంట!" అని పక్కింటి మనోరమ చెవిన వేసింది. మనోరమ వెలగని వీధి దీపాలను గుర్తు చేసుకుంది. పై వాటాలో కిరాయికున్న ప్రహ్లాద్ మాయమైన గణపతి లడ్డూ సంగతి లేవదీశాడు. సారు తిరిగొచ్చేసరికి గల్లీ అంతా గేటు ముందే ఉంది.

"సార్ ఊకె రాయరు. పక్కా సబూతుంటది, రుజువుంటది," అంటున్నాడు ప్రహ్లాద్.

"అది ఉత్త ఉదాహరణ నాయనా!" అని సారు మొత్తుకున్నా వినేదెవరు?

ఇంతలో హనుమప్ప గుంపును తోసుకుంటూ వచ్చాడు. ఇక బోర్డు పగిలినట్టే అనుకుని సారు దానికి అడ్డంగా నిలబడ్డారు. హనుమప్ప ఆయన భుజం మీదుగా తొంగిచూసి, అంతా చదివి, కళ్లు తుడుచుకున్నాడు.

"నాలుగో తరగతిల ఉన్నప్పుడు రాసిన్రు సార్ నా పేరు. మల్ల ఇయ్యాల్నే!"

సారుకూ కళ్లు చెమర్చాయి. హనుమప్ప ఇంకాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "గానీ సార్, సంఘం బోరుకెల్లి మా ఒక్క ఇంటికే అలగ్ పైపు ఏస్కున్న ముచ్చట మీకెవలు చెప్పిన్రు?"

ఆ తగ్గించిన గొంతు మాధురి దాకా వినిపించింది. మధ్యాహ్నానికల్లా పైపు ఊడింది. అరుంధతి వంటింట్లో ఏడాదిగా దగ్గుతూ చుక్కలు రాల్చే నల్లాలో నీళ్లు ధారగా పడ్డాయి. ఆమె బిందె నింపుకుని వచ్చి, భర్త చేతిలో సుద్దముక్క పెట్టింది.

"కర్రీ పాయింటుకు వేరే బోర్డు కొందాం తియ్యుండ్రి."

మర్నాడు పొద్దున గల్లీలో ప్రతి ఒక్కరూ గేటు ముందు ఆగారు. అర్థం ఎవరూ చదవలేదు. తమ పేరు లేదని చూసుకుని నిమ్మళంగా వెళ్లిపోయారు.