మేకు నిలవని చెట్టు

ఇంటి పక్కన పుచ్చిపోయిన చెట్టు ఉండడం అదృష్టం. లేనివాళ్లు వెంటనే ఒకటి చూసుకోండి. మంచి చెట్టు ఏమిస్తుంది? నీడ, కాస్త గాలి. పుచ్చు చెట్టయితే మనిషిని దారిలో పెడుతుంది.

నమ్మరా? మా మరదల్ని చూడండి. తమ్ముడు పోయాక ఆ ఇంటిని కుట్టుమిషనే నడుపుతోంది. మిషనుండేది రేకుల గదిలో. ఆ గది మీదికి వంగి ఉంది పుచ్చు చెట్టు. మానులో తొర్ర, బెరడు మీద బూజు, ఆపైన పళ్లేలంత పుట్టగొడుగులు. అది పుచ్చినప్పటి నుంచి మా మరదలికి మధ్యాహ్నం కునుకు లేదు. గాలి వీస్తే సూది ఆగుతుంది. రేకు మీద ఎండుకొమ్మ రాలితే కత్తెర కింద పడేలోపు తను గుమ్మం దాటేస్తుంది. ఈ చురుకుదనం ఏ జిమ్‌లో నేర్పుతారు?

చుట్టాల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు దిగితే వారానికి గాని కదిలేవాళ్లు కారు. ఇప్పుడు గుమ్మంలోనే పైకోసారి చూసి, "మళ్లీ వస్తాంలే వదినా, నువ్వు పనిలో ఉన్నట్టున్నావు" అని వెనుదిరుగుతున్నారు.

ఇంత మేలు చేసే చెట్టును కాపాడడానికి మునిసిపాలిటీ మంచి రూలే పెట్టింది. రోగం పట్టిన చెట్టును, కొట్టేయమని చీటీ లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే జైలు. ఆ చీటీని మేకుతోనే కొట్టాలి. తాడుతో కడితే చెట్టుకు ఒరుసుకుంటుందట. ఎంత దయో చూడండి.

మరదలు అర్జీ పెడితే ఆఫీసు నుంచి చీటీ తెచ్చినతను పుచ్చు చెట్టుకు మేకు కొట్టాడు. అది పిండిలో దిగినట్టు దిగి, చీటీతో సహా ఊడి పడింది. ఇంకోచోట కొట్టాడు. అదీ అంతే. పక్కనే మంచి చెట్టుంది. ఇన్నాళ్లూ పుచ్చు చెట్టు దాని కొమ్మల పంగలో తల పెట్టుకునే పడకుండా నిలిచింది. అతను పోయి దానికి కొట్టాడు. చీటీ చక్కగా నిలిచింది.

"రోగం దీనికి, చీటీ దానికా తమ్ముడూ?" అంది మరదలు.

"చీటీ పడిపోతే నా ఉద్యోగం మీదికొస్తుందక్కా. చెట్టు కొట్టేవాళ్లకు కళ్లుండవా ఏంటి?"

కొట్టేవాళ్లకు కళ్లున్నాయి. వచ్చీ రాగానే చీటీని చూశారు. మరదలు మెడలో టేపుతోనే పరుగెత్తింది.

"మేస్త్రీ, అది కాదయ్యా, ఇది. దీనికి మేకు నిలవక దానికి కొట్టారు."

"నిలిచిన చెట్టే మాకు లెక్కమ్మా."

"గట్టి చెట్టు కాబట్టే కదయ్యా నిలిచింది?"

"గట్టిదో మెత్తదో రంపం చెబుతుందిలే. నువ్వు పక్కకు జరుగు తల్లీ."

గట్టిదేనని రంపం చెప్పింది. అప్పటికి సగం కోసేశారు, మిగతా సగమూ కోసి పడేశారు. పంగ పోవడంతో పుచ్చు చెట్టు కిర్రుమంటూ గది మీదికి ఇంకాస్త ఒరిగింది. ఇప్పుడు కొమ్మ రేకును తాకుతోంది.

మరదలు ఆఫీసుకు పోయి కూర్చుంది. ఆఫీసరు రాక తప్పలేదు. మొద్దు చూశాడు, తొర్రలో చేయి పెట్టి చూశాడు.

"ఇది ప్రమాదకరమేనమ్మా. కానీ మీ ఇంటి చెట్టు కొట్టేసినట్టు రాసేశాం. ఇది కొత్త కేసు. మళ్లీ చీటీ కొట్టాలి."

"మేకు నిలవదు కదయ్యా."

ఆయన ఆలోచించాడు. పెద్ద చదువు చదివినవాడు, ఊరికే పోతుందా? "కింద మనిషి ఉంటేనే ప్రమాదకరమని రూలు. మనిషి లేకపోతే అది ఉత్త చెట్టే. మీరు గది ఖాళీ చేయండి. ప్రమాదం తీరిపోతుంది."

"అంటే దానికి పట్టిన రోగం నేనా అయ్యా?"

"అట్లా అనకండి. మీ మంచికే చెబుతున్నాం."

గదికి తాళం పడింది. మిషను నాలుగు వీధులవతల మా వసారాకు వచ్చింది. కుట్టించుకునేవాళ్లు పాత గుమ్మం దాకా పోయి, తాళం చూసి, వేరే దుకాణం వెతుక్కుంటున్నారు. "ఇవాళా ఎవరూ రాలేదు బావగారూ" అని మిషను మీద గుడ్డ కప్పుతోంది మరదలు.

చెట్టు మాత్రం క్షేమం. మనుషులు దగ్గరికి పోకుండా ఆఫీసువాళ్లు దాని చుట్టూ కంచె కూడా కట్టారు. నిటారుగా నిలబడినది పొయ్యిలోకి పోయింది, ఒళ్లొంచి పని చేసేది బయటికి పోయింది. కాబట్టి పాఠకులారా, మీకు గవర్నమెంటు వారి కాపుదల కావాలంటే ముందు లోపల బాగా పుచ్చిపోండి. మిగతాది రూలే చూసుకుంటుంది.